నాన్న అన్నం చెయ్యి: ఎడమకి మార్చేయాలా, కుడితోనే పోరాడాలా?

కృష్ణలంక_అమ్మాయి: నాన్నగారికి పక్షవాతం వచ్చి ఏడు నెలలు. నడుస్తున్నారు. కుడి చెయ్యే లేవదు, వేళ్లు బాగా కష్టపడితే కాస్త తెరుచుకుంటాయి. "ఆరు నెలల్లో వచ్చిందే వచ్చింది, ఇక ఎడమ చేత్తో అలవాటు చేయండి" అన్నారు మేం చూపించిన డాక్టరుగారు. స్పూన్ ముట్టరు. నిన్న ఎడమ చెయ్యి పప్పన్నం దాకా తీసుకెళ్లి, వెనక్కి లాక్కుని కంచం నెట్టేశారు. ఏం చేయమంటారు?

గట్టుమీద_గువ్వ: ఎడమ చేత్తో తింటే కొంపలేం మునగవండీ. మా పెదనాన్న మూడేళ్లుగా అలాగే తింటున్నారు. చచ్చిన మెదడు కణాలు మళ్లీ పుడతాయా?

ఫిజియో_ఓరుగల్లు: పుట్టవు, కానీ పక్క భాగం పని అందుకుంటది. 1996లో రాండాల్ఫ్ నూడో బృందం కోతుల మెదడులో, చేతిని ఆడించే చోట చిన్న దెబ్బ చేసి చూసింది. ఊరికే వదిలేసినవాటిలో దెబ్బ తగలని చోటు కూడా చేతిని వదిలేసింది. చిన్న గుంటల్లోంచి తిండి గుళికలు తీయడం రోజూ సాధన చేయించినవాటిలో ఆ చోటు నిలిచింది, కొన్నింటిలో మోచేతి భాగంలోకి పాకింది కూడా.

ఇక ఆరు నెలల గడువంటారా, అమెరికాలో 2006లో వచ్చిన ఎక్సైట్ పరిశోధన చూడండి. స్ట్రోక్ వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మంది. ఒక జట్టుకి రెండు వారాలు మంచి చెయ్యి వాడకుండా దానికి తొడుగేసి, పడిపోయిన చేత్తో రోజుకి ఆరు గంటల దాకా సాధన. ఏడాది తర్వాతా వాళ్ల చెయ్యే మెరుగు.

గట్టుమీద_గువ్వ: ఆరు గంటలా! మా ఇంటికొచ్చే ఫిజియో అరగంటకే గడియారం చూస్తాడు. పైగా రెండో జట్టుకి మామూలు వైద్యమేగా? గొప్ప తొడుగుదా, గంటలదా?

ఫిజియో_ఓరుగల్లు: మంచి ప్రశ్నే అడిగిన్రు. నన్నడిగితే గంటలదే. ఇంకోటి, మణికట్టు, వేళ్లు సొంతంగా కొంచెమన్నా లేచేవాళ్లనే తీసుకున్నరు. అమ్మా, నాన్నగారి మణికట్టు లేస్తదా? మెట్ల దగ్గర, పొయ్యి దగ్గర మాత్రం తొడుగు వద్దు.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు: నాకు కుడి చేతి ముద్ద నోటికి చేరేసరికి పదకొండు నెలలైంది. మొదలు అన్నంతో కాదు, శనగలతో. ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి, రోజంతా. ఆకలి వేళ ఎడమ చేతికి స్పూనివ్వమ్మా, ఆకలి మీద పట్టుదలలు వద్దు. సాధన మాత్రం కుడిదే. చారన్నం ఇప్పటికీ మోచేతి దాకా కారుతుంది, పెరుగన్నం గెలిచాను.

కృష్ణలంక_అమ్మాయి: బల్ల అంచున చెయ్యి పెట్టించి చూశాం. మణికట్టు రెండు వేళ్ల ఎత్తు లేచింది. శనగలు మరీ చిన్నవట, చింతపిక్కలు తెమ్మన్నారు.