ఫుజికో లాంటి దొంగతో ఓరుగల్లు కథ: మీ అనుభవాలు చెప్పండి

ఓరుగల్లు గీత

అందరికీ నమస్కారం. వరంగల్‌లో మేం కొందరం కలిసి ఒక చిన్న యానిమేషన్ చిత్రం తయారుచేస్తున్నాం. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్ ఉధృతంగా ఉన్న రోజుల్లో, ఒక పెద్ద ఖరీదుదారు ఇనప్పెట్టెలో ఉన్న కెంపుల హారాన్ని కాజేసే అమ్మాయి కథ ఇది. ఆమె తెలివైనది, మాటకారి, చూడముచ్చటగా ఉంటుంది, తన లాభం తప్ప మరొకటి చూసుకోదు. నా మనసులో ఉన్న నమూనా, లూపాన్ అనే దొంగ, అతని ముఠా చుట్టూ తిరిగే జపాను యానిమేషన్ కథలు ‘లూపాన్ ద థర్డ్’లోని దొంగ ఫుజికో మినె.

స్క్రిప్టు చదివిన ప్రతివారూ ఆమె దొంగతనానికి ఒక కారణం పెట్టమంటున్నారు. తల్లికి ఆపరేషన్, తమ్ముడి చదువు, లేదంటే ఆ వ్యాపారి పరమ దుర్మార్గుడు. చివరికి హారం తిరిగి ఇచ్చేయాలట, లేకపోతే మనవాళ్లు ఒప్పుకోరట. నాకు ఆ కారణాలేవీ వద్దు. హారం బాగుంది, తనకు కావాలి, అంతే. ఫుజికోను ఏళ్లుగా చూస్తున్నవారు, ఇటువంటి పాత్రను రాసినవారు, గీసినవారు, గొంతు ఇచ్చినవారు ఎవరైనా ఉంటే చెప్పండి. ఇలాంటి మనిషి ప్రేక్షకుల మనసుకు ఎలా దగ్గరవుతుంది?

కాజీపేట జంక్షన్

అక్కా, కారణం మాత్రం పెట్టవద్దు. 1979లో మియాజాకి తీసిన లూపాన్ సినిమా ‘కాగ్లియోస్ట్రో కోట’ మరోసారి చూడండి. నేను రాత్రి డ్యూటీ దిగి వచ్చాక నిద్ర పట్టకపోతే పెట్టుకునే సినిమా అది. అందులో ఫుజికో కనిపించేది తక్కువే. కానీ లూపాన్ కోటలోకి దూరేసరికే ఆమె అక్కడ పరిచారికగా చేరిపోయి ఉంటుంది. దొంగనోట్ల అచ్చు పలకల కోసం తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. అతని కథలో సాయపడటానికి వచ్చిన మనిషి కాదు, అతనికంటే ముందే వచ్చిన మనిషి.

ఒక చోట, కోటలో బందీగా ఉన్న రాకుమారి క్లారిస్ ఆమెను లూపాన్ గురించి అడుగుతుంది, అతను మిమ్మల్ని వదిలేశాడా అని. కాదు, నేనే వదిలేశాను అంటుంది ఫుజికో. ఆ మాటలో బాధా లేదు, గొప్పా లేదు. ఆ ఒక్క జవాబుతో ఆమె గతమంతా మనకు తెలిసిపోయినట్టు ఉంటుంది, నిజానికి ఏమీ తెలియదు.

క్లారిస్ పెళ్లి రోజున ఫుజికో టీవీ విలేకరిగా కెమెరా ముందుకు వస్తుంది. నేలమాళిగలోని దొంగనోట్ల గుట్టు లోకమంతా చూస్తుంది. ఫలితంగా మంచే జరుగుతుంది. చివరికి ఆమె మోటారు సైకిల్ మీద వెళ్లిపోతూ, కొట్టేసిన పలకలను లూపాన్‌కు చూపిస్తుంది, అతని కళ్లు మెరుస్తాయి. గుట్టు బయటపెట్టడం, సొమ్ము చేజిక్కించుకోవడం రెండూ ఒకే దారిలో సాగుతాయి. ఆమె ఏది ఎందుకు చేసిందో విడదీసి చూపించాలని సినిమా అనుకోదు. నాకు ఆమె నచ్చడానికి అదే మూలం.

చెరియాల రంగు

నేను హనుమకొండలో పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పుతాను, వీలున్నప్పుడు యానిమేషన్ పనులూ చేస్తాను. గీత గారూ, గీసేవాళ్ల వైపు నుంచి ఒక సంగతి చెబుతాను.

లూపాన్ ముఠాలో మగవాళ్లను నల్లటి నీడగా గీసినా గుర్తుపట్టవచ్చు. జిగెన్‌కు కళ్ల మీదికి దిగిన టోపీ, గొయెమోన్‌కు కత్తి. లూపాన్‌కు చొక్కా మీది కోటు: 1971లో ఆకుపచ్చ, 1977లో ఎరుపు, 1984లో గులాబీ రంగు. ఫుజికోకు మాత్రం అలాంటి గుర్తు ఏదీ లేదు. జుట్టు మారుతుంది, బట్టలు మారతాయి, ఒక కథలో నర్సు, మరో కథలో దొరసాని. యానిమేషన్‌లో ఇది పెద్ద తలనొప్పి, ఎందుకంటే ఒకే పాత్రను పదిమంది గీస్తున్నప్పుడు పట్టుకోవడానికి ఒక ఆధారం ఉండాలి.

వేషాలు మార్చే గూఢచారిణి పాత్ర ఒకటి గీయవలసి వచ్చినప్పుడు నాకు పనికొచ్చినవి నడక, అలవాట్లు. ఆమె ఏ గదిలోకి వచ్చినా ముందు తలుపు వైపు చూస్తుంది, ఆ తర్వాతే మనిషి వైపు. మాట్లాడుతున్నంతసేపూ చేతులు ఖాళీగా, కనబడేలా ఉంచుతుంది. ఎదుటివాడు నవ్విన తర్వాతే తను నవ్వుతుంది, ఒక అరక్షణం ఆలస్యంగా. ఆ అరక్షణంలోనే ఆమె లెక్క వేసుకుంటోందని చూసేవాడికి తెలుస్తుంది. ఆ అలవాట్లన్నింటినీ కాగితం మీద రాసి గోడకు అంటించాం. ఆ తర్వాత చీర కట్టినా, ప్యాంటు వేసినా ఆమె ఆమెలాగే ఉంది. మీ చిత్రంలో కూడా ముఖం అందంగా గీయడం మీద పెట్టే సమయంలో సగం ఇలాంటి వాటి మీద పెట్టండి.

గోదావరిఖని శ్యామల

ఇంతవరకు ఎవరూ మాట్లాడని విషయం ఒకటి ఉంది, అది నేను చెబుతాను. ఫుజికో అంటే నాకు ప్రాణం. అయినా ఆమెను గీసిన తీరు చాలాచోట్ల నాకు కష్టం కలిగిస్తుంది. మంకీ పంచ్ 1967లో ఆ కామిక్స్ మొదలుపెట్టిన పత్రిక పెద్ద మగవాళ్ల కోసం వచ్చేది. ఆమె శరీరాన్ని నవ్వులకు, లూపాన్ దూకుడుకు వాడుకున్న సన్నివేశాలు లెక్కలేనన్ని. ‘చూడముచ్చటగా ఉంటుంది’ అని మీరు రాసినప్పుడు నాకు అదే భయం వేసింది.

అందుకే 2012లో వచ్చిన ‘ఫుజికో మినె అనే స్త్రీ’ చూడమంటాను. 13 భాగాలు. 1985 తర్వాత లూపాన్ మళ్లీ టీవీ ధారావాహికగా వచ్చింది ఫుజికో పేరు మీదనే. దర్శకత్వం సాయో యమమోటో, రచనా బాధ్యత మారి ఒకాదా, ఇద్దరూ మహిళలే. అది పెద్దవాళ్ల కథ, పిల్లల ముందు పెట్టవద్దు. అందులోనూ దుస్తులు తక్కువే. కానీ ఇది ఎందుకిలా ఉంది, ఎవరు ఆమెను ఇలా చూస్తున్నారు అనే ప్రశ్నను ఆ కథే ముందుకు తెస్తుంది. ఆమెకు ఒక గాయాన్ని అంటగట్టి అదే ఆమె కథ అనే ప్రయత్నం కూడా అందులో జరుగుతుంది. ఆ గాయం తన సొంతం కాదని తేలాక, తను దొంగ కావడం తన ఇష్టమేనన్నట్టు ఆమె నిలబడుతుంది. మీ దగ్గర స్క్రిప్టు చదివినవాళ్లు అడుగుతున్న ‘కారణం’ గురించే ఆ 13 భాగాలూ సాగాయని నాకు అనిపించింది.

మీ అమ్మాయికి పనితనం ఇవ్వండి. ఫుజికో మోటారు సైకిల్ నడుపుతుంది, బ్రౌనింగ్ పిస్తోలు గురితప్పకుండా కాలుస్తుంది, వేషం వేస్తే ముఠావాళ్లే గుర్తుపట్టరు. అందం ఆమె సంచిలో ఉన్న పనిముట్లలో ఒకటి మాత్రమే. దాన్ని ఎప్పుడు బయటికి తీయాలో ఆమె నిర్ణయించుకోవాలి, కెమెరా కాదు.

ఓరుగల్లు గీత

శ్యామల గారూ, ఇది చాలా విలువైన మాట. స్టోరీబోర్డులో రెండు షాట్లు ఇప్పటికే పక్కన పెట్టాను. మీరు అన్న పనితనం గురించి చెప్పాలంటే, మా అమ్మాయికి లెక్కలు వచ్చు. అడ్తి కొట్టులో, అంటే కమీషన్ వ్యాపారి దుకాణంలో, గుమస్తాగా చేరి, అమ్మకం చీటీలైన తక్‌పట్టీలు రాస్తూ, ఏ రోజు ఎంత సొమ్ము ఇనప్పెట్టెలోకి వెళ్తోందో, తాళం ఎవరి నడుముకు ఉంటుందో కనిపెడుతుంది.

పోతన పాఠకుడు

నేను తెలుగు బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మనవరాలు చూపించగా ఈ జపాను దొంగపిల్లను చూశాను. గీతమ్మా, ‘మనవాళ్లు ఒప్పుకోరు’ అనే మాటకు జవాబు చెబుతాను.

మన పక్కనే ఉన్న బమ్మెరలో పుట్టిన పోతన దశమ స్కంధంలో ఏం రాశాడు? గోపికలు వరుసగా యశోద దగ్గరికి వచ్చి, మీ వాడు మా ఇంట్లో ఇలా దూరాడు, అలా తిన్నాడు అని మొరపెట్టుకుంటారు. ఎందుకు దొంగిలించాడని ఏ గోపికా అడగదు. ఆ పిల్లవాడికి ఇంట్లో పాలకు కొదవ లేదు. అయినా ఆ ఫిర్యాదులు చదువుతున్నప్పుడు తెలుగువాడు ఎవడైనా దొంగ పక్షమే. కారణం లేని దొంగతనాన్ని ముద్దు చేయడం మనకు కొత్త కాదు. మగపిల్లవాడికి, దేవుడికి ఇచ్చిన ఆ చనువు ఆడదానికి ఇవ్వడానికే మనకు మనసు రాదు. మీ చిత్రం అడుగుతున్నది ఆ చనువే అనుకుంటాను.

ఇక ‘కన్యాశుల్కం’లో మధురవాణిని తీసుకోండి. గిరీశాన్ని, రామప్పంతుల్ని ఆడించినది, మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్లినది ఆమే. చివరికి ఆయన భగవద్గీత చేతికిస్తాడు. సరే. కానీ తెలుగువాళ్లు నలుగురు చేరి మధురవాణి గురించి మాట్లాడుకునేటప్పుడు ఆ చివరి ఘట్టం కంటే రామప్పంతులు జుట్టు ఆమె చేతికి చిక్కిన ఘట్టాలే ఎక్కువ తలుచుకుంటారు. గురజాడ ఆమెకు మొదటినుంచీ తనకంటూ కొన్ని నియమాలు ఇచ్చాడు కాబట్టే ఆ చివర కూడా నప్పింది. మీ అమ్మాయికి ఆ నియమాలు ఏమిటో మీకు తెలియాలి. ప్రేక్షకుడికి చెప్పనవసరం లేదు. ఆమె ఎవరిని దోచుకోదు? ఏ అబద్ధం ఆడదు? ఆ గీత ఉంటే మిగతా స్వార్థమంతా శోభిస్తుంది.

మానేరు గొంతు

కరీంనగర్ నుంచి. రేడియో ప్రకటనలకు, చిన్న చిత్రాలకు గొంతు ఇస్తుంటాను. ఫుజికోకు 1971లో యుకికో నికైదో, 1977 నుంచి ముప్పై ఏళ్లకు పైగా ఎయికో మసుయామా, 2011 నుంచి మియుకి సవాషిరో గొంతు ఇచ్చారు. మసుయామా ‘లూపాన్’ అని పేరు సాగదీసి పిలిచే పద్ధతి వినండి. అందులో గోము ఉంది, వెనకాల ఆజ్ఞ ఉంది.

ఇలాంటి పాత్రకు చెప్పినప్పుడు నాకు తెలిసివచ్చింది ఏమిటంటే, అబద్ధాన్ని అబద్ధంలా పలకకూడదు. మామూలుగా మనం దొంగ పాత్ర అబద్ధం చెబుతున్నప్పుడు గొంతులో కొంచెం తీపి కలుపుతాం, ప్రేక్షకుడికి తెలియాలని. అది పెట్టగానే పాత్ర చవకబారుగా మారుతుంది. ఆమె అబద్ధం చెప్పేటప్పుడు పూర్తిగా నమ్మి చెప్పాలి. తీపి అంతా నిజం చెప్పేటప్పుడు వాడాలి, ఎందుకంటే నిజం చెబితే ఎవరూ నమ్మరని ఆమెకు తెలుసు. రికార్డింగులో ఈ ఒక్కటి మార్చాక దర్శకుడు సరిగ్గా ఇదే కావాలన్నాడు.

కాజీపేట జంక్షన్

గొంతు గారు చెప్పినది నిజం. మరొకటి, జిగెన్ లాంటివాడు ఒకడు తప్పనిసరి. ఆమెను నమ్మవద్దని అతను లూపాన్‌కు ప్రతిసారీ చెబుతాడు, ప్రతిసారీ అతని మాటే నిజమవుతుంది, లూపాన్ మళ్లీ మోసపోతాడు. ప్రేక్షకుడి అనుమానాన్ని కథలోనే ఒక మనిషి నోట పలికిస్తే, ఇక ప్రేక్షకుడు నిశ్చింతగా ఆమె మాయలో పడవచ్చు. మీ కథలో ఆ పని ఎవరు చేస్తారు?

ఓరుగల్లు గీత

దడువాయి. రోజంతా కాంటా దగ్గర ఉండే మనిషి, తూకం తేడా వస్తే కంటితోనే పసిగట్టేవాడు. గుమస్తా కొత్తగా చేరిన రోజే ఆమె మీద అతనికి అనుమానం కలుగుతుంది. ఎవరూ వినరు. తమ్ముడూ, నువ్వు అడిగిన తర్వాత ఆ పాత్రకు ఇంకో రెండు సన్నివేశాలు రాశాను.

మాస్టారూ, మీరు అడిగిన నియమాలు రాసుకున్నాను. ఆమె హమాలీల కూలి ముట్టదు, రైతు చేతి డబ్బు ముట్టదు. కారణం చెప్పదు. వ్యాపారిని దుర్మార్గుణ్ణి చేయడం మానేశాను. అతను మంచివాడే, హారం మీద ప్రేమ ఉన్నవాడే. అతని బాధ కూడా చూపిస్తాం, అయినా ఆమె హారం తీసుకుంటుంది.

దొంగతనం ఎలా జరుగుతుందో కూడా చెబుతాను. మార్కెట్ గురించి తెలిసినవాళ్లు సరిచూడాలి. సీజన్‌లో యార్డులో అడుగు పెడితే ఘాటుకు కళ్లు మండుతాయి, ముక్కు కారుతుంది. హమాలీలు, రైతులు, మిర్చి ఏరే ఆడవాళ్లు, అందరూ తువ్వాలో చీర కొంగో ముక్కుకు చుట్టుకునే తిరుగుతారు. అంటే ముఖాలు కప్పుకున్న వేలమంది మధ్య దొంగకు వేరే ముసుగు అక్కర్లేదు. పోలీసు కుక్కను తెస్తే అదీ తుమ్ముతుంది. జెండా పాట, అంటే ధర తేల్చే వేలం, జరుగుతున్నంతసేపు అందరి కళ్లూ ఒక్క రాశి మీదే ఉంటాయి. ఆ కాసేపట్లోనే ఆమె పని ముగించుకోవాలి.

చెరియాల రంగు

అద్భుతం. ముఖం కప్పేస్తే మిగిలేవి కళ్లు, నడక మాత్రమే. నేను ముందు చెప్పిన అలవాట్లు ఇక్కడ ప్రాణం పోస్తాయి. దడువాయి ఆమెను గుర్తుపట్టేది కూడా ఆ అరక్షణం ఆలస్యం వల్లే కావాలి. రంగుల గురించి ఒక మాట: రాశులన్నీ ఒకే ఎరుపు వేయవద్దు. తేజ రకం మిర్చి సన్నగా మెరుస్తుంది, చపాటా రకం లావుగా, ముదురు ఎరుపులో ఉంటుంది. కెంపుల హారాన్ని చపాటా రాశిలో దాచితే ఆ ఎరుపులో ఎరుపు కలిసిపోతుంది.

గోదావరిఖని శ్యామల

దాచడం చాలా బాగుంది. అయితే ఆ బస్తా కొన్న మనిషి ఎవరో ఆమెకు ముందే తెలిసి ఉండాలి. తక్‌పట్టీ రాసేది ఆమే కదా.

ఓరుగల్లు గీత

అవును, ఆ పేరు ఆమే రాస్తుంది! చివరి సన్నివేశం దొరికింది. బస్తా కొన్నది ఆమే, వేరే పేరు మీద. రవాణా ఖర్చు కూడా ఆ వ్యాపారి ఖాతాలోకే వేస్తుంది.

ఇక ఒక సాయం కావాలి. జెండా పాట శబ్దం నిజమైనది కావాలి, స్టూడియోలో సృష్టించినది వద్దు. ఎవరైనా రికార్డు చేసి పెట్టగలరా?

ఎనుమాముల గేటు

అక్కా, మా బాబాయి హమాలీ. ఫిబ్రవరి, మార్చిల్లో రండి, సరుకు బాగా వస్తుంది. పొద్దున పాట మొదలవకముందే చేరుకోవాలి, తర్వాత లారీల మోతలో ఏమీ వినబడదు. మార్కెట్ వాళ్ల అనుమతి ముందే అడగండి. మైకుకు గుడ్డ చుట్టండి, దుమ్ము పడుతుంది. మీరూ ముక్కుకు తువ్వాలు తెచ్చుకోండి.