కొత్త బండికి 1000 కిలోమీటర్లకే ఆయిల్ మార్పించాలా? (బెంగళూరు వాడకం)

వైట్‌ఫీల్డ్ వాసి
అందరికీ నమస్కారం. కిందటి నెల చిన్న టర్బో పెట్రోల్ కారు తీసుకున్నాను. వైట్‌ఫీల్డ్ నుంచి మారతహళ్లి ఆఫీసుకు, వీలైనప్పుడు అనంతపురానికి వాడుతున్నాను. మొదటి ఉచిత సర్వీసు దగ్గరపడింది. అందులో ఆయిల్ మార్చరట, అన్నీ చూసి పంపేస్తారట. బండితో ఇచ్చిన పుస్తకంలో ఆయిల్ మార్పు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అప్పుడు అని ఉంది. నాన్నగారేమో మొదటి ఆయిల్ వెయ్యికే దించేయాలని రోజూ ఫోను చేస్తున్నారు. సర్వీసు సలహాదారు ఆయిల్ అక్కర్లేదంటూనే బండి అడుగున తుప్పు పూత వేయించమని పట్టుబడుతున్నాడు. ఎవరి మాట వినాలి? టైర్లలో గాలి ఎంత ఉంచాలో కూడా చెప్పండి. బండి ఇచ్చినప్పుడు 40 పీఎస్ఐ దాటి ఉంది.

పుస్తకమే ప్రమాణం
మార్పించకండి. మీ నాన్నగారు చెప్పింది వారి కాలానికి సరైనదే. అప్పట్లో సిలిండర్ లోపలి గోడలు ఇంత నునుపుగా వచ్చేవి కావు. పిస్టన్ రింగులు సర్దుకునేలోపు ఇనుప రజను చాలానే రాలేది. ఇప్పుడు ఆ నునుపు పని కర్మాగారంలోనే అయిపోతోంది. మొదటి వెయ్యి కిలోమీటర్లు మీరు చేయాల్సింది వేరు. యాక్సిలరేటర్‌ను చివరిదాకా తొక్కకండి, హైవేలో గంటల తరబడి ఒకే వేగంతో పోకండి, పెద్ద గేరులో ఇంజిన్‌ను మూలిగించకండి. కొత్త బ్రేకులు కుదురుకునేదాకా గట్టిగా కొట్టకండి. ఆయిల్ విషయం తయారుచేసినవాడికి వదిలేయండి.

పాతబండి
తయారుచేసినవాడు వారంటీ దాటేదాకా ఆలోచిస్తాడు. ఆ తర్వాతి పదేళ్లు ఎవరు ఆలోచిస్తారు? కొత్త ఇంజిన్ నుంచి రజను ఎక్కువగా రాలేది మొదటి కొన్ని వేల కిలోమీటర్లలోనే. ఫిల్టరు పెద్ద రేణువులను పడుతుంది, మరీ సన్నవి ఆయిల్‌తో పాటు తిరుగుతూనే ఉంటాయి. మూడు నాలుగు వేల రూపాయల ఆయిల్‌కు వెనకాడి లక్షల బండిని మసిలో నడపడమేమిటి? మా ఇంట్లో ప్రతి కొత్త బండికీ వెయ్యికే దించాం. ఒక్క ఇంజిన్ కూడా తెరవాల్సిన అవసరం రాలేదు.

హెబ్బాళ దారి
టైర్లకు డ్రైవరు తలుపు చట్రం మీద అంటించిన పట్టీ చూడండి. చల్లగా ఉన్నప్పుడు ఆ అంకె ఉంచితే చాలు. యార్డుల్లో నెలల తరబడి నిలబడే బండ్లకు ఎక్కువ గాలి కొట్టి ఉంచుతారు, ఇచ్చేటప్పుడు తగ్గించడం మరిచిపోతారు.

పుస్తకమే ప్రమాణం
పాతబండి గారూ, మీ ఇంజిన్లు తెరవలేదు కాబట్టి వెయ్యికి మార్చడమే కారణం అంటే ఎలా? మార్చనివాళ్లవి తెరిచారా? నేనూ మార్చలేదు, నాదీ తెరవలేదు. పైగా మార్పించడంలో ఉన్న ప్రమాదం ఎవరూ చెప్పరు. నా మొదటి కారుకు మీలాంటి పెద్దలు చెప్పారనే బయట గ్యారేజీలో ముందుగా ఆయిల్ మార్పించాను. కుర్రవాడు ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టును వంకరగా ఎక్కించి బలంగా బిగించాడు. మర తెగింది. పాత వాషరే మళ్లీ వేశాడు. వారం తిరిగేసరికి పార్కింగులో నల్లటి మరక. సర్వీసు కేంద్రానికి వెళితే బయట చేయి పడిందని వారంటీ కింద చేయబోమన్నారు. ఆయిల్ పాన్ మొత్తం నా డబ్బుతో మార్చుకున్నాను. బాగున్న బోల్టును ఎందుకు విప్పాలి?

పాతబండి
అది బోల్టు బిగించినవాడి తప్పు, ఆయిల్ తప్పు కాదు. కంపెనీ సర్వీసులోనే డబ్బు కట్టి మార్పించుకోవచ్చు. ఎవరూ కాదనరు.

పుస్తకమే ప్రమాణం
కాదనరు, నిజమే. కానీ మీరు వెయ్యి అనే అంకెకు ఆధారం చెప్పలేదు. ఎనిమిది వందలు ఎందుకు కాదు? మూడు వేలు ఎందుకు కాదు?

కోలారు కోడలు
తుప్పు పూత గురించి ఎవరూ చెప్పలేదు. బెంగళూరులో సముద్రపు గాలి లేదు, అడుగు రేకుకు కర్మాగారంలోనే రక్షణ పూత వస్తుంది. చెన్నైలో తీరం పక్కనే ఉంటే ఆలోచించవచ్చు. ఆ డబ్బుతో మంచి బీమా తీసుకోండి, ఇంజిన్ రక్షణ కవరు తప్పకుండా కలపండి. వాన నీటిలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్టు చేసి ఇంజిన్ పాడుచేసుకుంటే మామూలు పాలసీలో డబ్బు రావడం కష్టం. 2024 అక్టోబరులో భారీ వాన హెచ్చరిక రాగానే చెన్నైలో జనం వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద కార్లు ఎందుకు నిలిపారో గుర్తు చేసుకోండి.

మెకానిక్ కొడుకు
ఇద్దరూ వెయ్యి దగ్గరే ఆగిపోయారు. ఈ ఊళ్లో అసలు లెక్క కిలోమీటర్లు కాదు, ఇంజిన్ నడిచిన గంటలు. ఔటర్ రింగ్ రోడ్డులో సగటున గంటకు 15 కిలోమీటర్లు వెళ్లేవారికి 10,000 పూర్తయ్యేసరికి ఇంజిన్ 660 గంటలకు పైగా తిరుగుతుంది. హైవేలో 60 చొప్పున వెళ్లేవారికి అదే దూరం 170 గంటలలోపే. మీటరు మీద అంకె ఒకటే, ఆయిల్ పడిన శ్రమ నాలుగింతలు. దీనికి మెట్రో పనుల దుమ్ము తోడు. ఇంజిన్ వేడెక్కకముందే ఆఫీసు వచ్చేస్తే ఇంకా చెడు. చల్లటి ఇంజిన్‌లో కొంత పెట్రోలు రింగులు దాటి ఆయిల్‌లో కలుస్తుంది, తేమ కూడా చేరుతుంది. ఇంజిన్ బాగా కాగితేనే అవి ఆవిరైపోతాయి. నేరుగా సిలిండర్‌లోకి పెట్రోలు చిమ్మే టర్బో ఇంజిన్లలో ఇది మరీ ఎక్కువ. నెలకోసారి అనంతపురం వెళ్లడం మీ బండికి మందు.

పుస్తకమే ప్రమాణం
ఇది పుస్తకంలోనే ఉంది! మామూలు పట్టిక తర్వాత కఠిన వాడకం పట్టిక ఉంటుంది. తక్కువ దూరాలు, ఆగి ఆగి నడిచే ట్రాఫిక్, దుమ్ము దారులు అని స్పష్టంగా రాసి ఆయిల్ గడువు తగ్గిస్తారు. అందుకే పుస్తకం చదవండి అంటున్నాను.

పాతబండి
ఆ పట్టిక ప్రకారం మీరు ఎప్పుడు మార్పించారు?

పుస్తకమే ప్రమాణం
నేను ఏడాదికి మార్పిస్తాను. నాకు అది చాలు.

పాతబండి
అదీ సంగతి. ఇప్పుడు చెబుతాను నా కోపం ఎందుకో. ఇంతకుముందు మా అపార్టుమెంటులోనే ఒకాయన దగ్గర నాలుగేళ్ల కారు కొన్నాను. సర్వీసు పుస్తకంలో ముద్రలన్నీ సమయానికే ఉన్నాయి. ఇంటి నుంచి ఆఫీసుకు తప్ప ఎక్కడికీ వెళ్లలేదని గొప్పగా చెప్పాడు. కొన్న తర్వాత మెకానిక్ ఆయిల్ పోసే మూత తిప్పి నా చేతికిచ్చాడు. లోపలివైపు అంతా పెనం మీద మాడిన జిడ్డులా నల్లగా, గోటితో గీకితే పొరలుగా లేచింది. టర్బోకు ఆయిల్ వెళ్లే సన్నటి గొట్టం సగం పూడుకుపోయింది. ఆయనా పుస్తకం ప్రకారమే చేశానన్నాడు. మీకు ఏడాది చాలు, ఎందుకంటే మీరు బండి అమ్మేస్తారు. మీరు మిగుల్చుకున్న ఆయిల్ డబ్బు మీ తర్వాత కొన్నవాడు కడతాడు.

పుస్తకమే ప్రమాణం
ఇది అన్యాయమైన మాట. నేను ఎవరినీ మోసం చేయలేదు. వారంటీ అయ్యేలోపు అమ్ముతాను, నిజమే. ప్రతి బిల్లు చూపించి అమ్ముతాను. కొనేవారు పరీక్ష చేయించుకోవచ్చు. మా అమ్మ బండిని ఉచిత సర్వీసుకు తీసుకువెళితే ఇంజిన్ పూత, ఏసీ శుద్ధి, ఇంజెక్టరు మందు అంటూ ఆరు వేల బిల్లు చేతిలో పెట్టారు. ఏది అవసరమో, ఏది అమ్మకమో ఆమెకు ఎలా తెలుస్తుంది? ముద్రించిన కాగితం తప్ప ఆమెకు అండ ఎవరు? మీలాంటివారు ‘ఇంకొంచెం ముందు, ఇంకొంచెం ఎక్కువ’ అంటుంటే ఆ దుకాణాలు బతుకుతాయి.

హెబ్బాళ దారి
ఇద్దరూ ఒకసారి ఊపిరి తీసుకోండి.

పాతబండి
మీ అమ్మగారికి జరిగింది తప్పే, నేనూ ఒప్పుకోను. కానీ పూత, మందు వేరు, ఆయిల్ వేరు. పుస్తకంలో ఉన్న కఠిన పట్టికను మీరే వదిలేసి, పుస్తకం అండ అంటే ఎలా? నేను బండిని పదిహేనేళ్లు ఉంచుకుంటాను. మీరు నాలుగేళ్లు. మనిద్దరికీ ఒకే గడువు సరిపోదు.

పుస్తకమే ప్రమాణం
అలా ముందే అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. పదిహేనేళ్లు ఉంచుకునేవారు ఆరు నెలలకు మార్చడంలో నాకు అభ్యంతరం లేదు. వెయ్యికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. కఠిన పట్టికను నేనెందుకు పాటించలేదంటే, నా కారు రోజూ ఆగకుండా సాగే నైస్ టోల్ రోడ్డు మీదే తిరుగుతుంది.

పాతబండి
అది ఇప్పుడు చెబుతున్నారు.

వైట్‌ఫీల్డ్ వాసి
అందరికీ కృతజ్ఞతలు. ఎన్నాళ్లు ఉంచుకుంటానో నేనూ ఆలోచించలేదు. ఈ రాత్రి నాన్నగారిని అడిగితే అసలు విషయం బయటపడింది. కొన్నేళ్ల తర్వాత ఈ బండి ఊళ్లో తనకు కావాలట, అందుకే ఆ ఆరాటమట. కాబట్టి అమ్మే మాట లేదు. ఈ సర్వీసులో వదిలేసి 5000 దగ్గర లేదా ఆరు నెలలకు కంపెనీ సర్వీసులోనే మార్పిస్తాను. తుప్పు పూత వద్దన్నాను.

మెకానిక్ కొడుకు
మంచిది. బిల్లు మీద ఆయిల్ గ్రేడ్, అంటే చిక్కదనం అంకె, రాయించండి. పుస్తకంలో 0డబ్ల్యు-20 ఉంటే అదే పోయమనండి, నాన్నగారు 20డబ్ల్యు-40 చిక్కగా ఉంటుందన్నా వద్దనండి. కొత్త వాషరు వేశారో లేదో పక్కన నిలబడి చూడండి.

పాతబండి
వెయ్యికే మార్పిస్తే బాగుండేది.