6000 సీఎల్30 ర్యామ్‌కు అదనపు డబ్బు పెట్టాలా, ఆ డబ్బు గ్రాఫిక్స్ కార్డుకు చేర్చాలా?

అమలాపురం అబ్బాయి

అందరికీ నమస్కారమండీ. గేమింగ్ కంప్యూటర్ సొంతంగా బిగించుకుంటున్నాను. ప్రాసెసర్ రైజెన్ 5 7600, బీ650 మదర్‌బోర్డు, 1080పీ 144 హెర్ట్జ్ మానిటర్. ఇవి ఖాయమైపోయాయి. ర్యామ్ దగ్గరే ఆగాను. దొరుకుతున్నవి మూడు రకాలు, అన్నీ 16 జీబీ స్టిక్కులు రెండేసి: 5200 సీఎల్40, 6000 సీఎల్36, 6000 సీఎల్30 (మొదటి అంకె వేగం, సీఎల్ పక్కది ఆలస్యం). 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎలా పెరిగాయో మీకు తెలిసిందే. ఒక్కో మెట్టు ఎక్కడానికి బాగానే ఖర్చవుతోంది. ఎక్కువగా ఆడేది వాలరెంట్, వారాంతాల్లో సైబర్‌పంక్ 2077. సీఎల్30కి పెట్టే డబ్బుకు ఆటలో ఫలితం కనిపిస్తుందా? లేక 36తో సరిపెట్టుకుని, మిగిలింది గ్రాఫిక్స్ కార్డుకు చేర్చమంటారా?

కాకినాడ గేమర్

సీఎల్30 తీసుకోండి తమ్ముడూ. వాలరెంట్ 1080పీలో ఆడితే గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా ఎదురుచూస్తుంది, భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. 7600లో ఎల్3 కాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగవంతమైన చిన్న మెమొరీ) 32 ఎంబీ మాత్రమే. అందులో దొరకని ప్రతిదానికీ ర్యామ్ దాకా వెళ్లి రావాల్సిందే. అక్కడ ఆలస్యమైతే సగటు ఫ్రేమ్‌లు పెద్దగా పడిపోకపోయినా, ఇద్దరు ముగ్గురు ఎదురుపడి కాల్పులు మొదలైన క్షణంలో ఫ్రేమ్ తడబడుతుంది. పోటీ ఆట ఆడేవాడికి ఆ క్షణమే ముఖ్యం.

ఇంకో మాట. ఈ ప్రాసెసర్ కూర్చునే ఏఎం5 సాకెట్‌కు 2027 వరకు, ఆ తరువాత కూడా మద్దతు ఉంటుందని ఏఎండీ ప్రకటించింది. మూడేళ్ల తరువాత గ్రాఫిక్స్ కార్డు మారుస్తావు, ప్రాసెసర్ కూడా మారుస్తావు. ర్యామ్ మాత్రం అదే ఉంటుంది. ఎక్కువ కాలం ఉండే వస్తువు మీద పొదుపు చేయడం నాకు నచ్చదు.

భీమవరం సర్వీస్ సెంటర్

కాకినాడ మిత్రుడు వాలరెంట్ గురించి చెప్పింది నిజమే. కానీ 36కూ 30కీ మధ్య తేడా ఎంతో లెక్క వేయకుండా డబ్బు పెట్టమనడం సరికాదు. బాబూ, కాగితం తీసుకుని నాతో పాటు వేసి చూడు.

సీఎల్ అనేది ఎన్ని క్లాకులు ఆగాలో చెప్పే అంకె. ఒక్కో క్లాకు ఎంతసేపో వేగాన్ని బట్టి మారుతుంది. కాబట్టి సీఎల్‌ను 2000తో గుణించి, వేగంతో భాగిస్తే అసలు సమయం నానోసెకన్లలో వస్తుంది. 6000 సీఎల్30కి 10. 6000 సీఎల్36కి 12. 5200 సీఎల్40కి 15.4. పాత డీడీఆర్4 3200 సీఎల్16కి వేసినా 10 వస్తుంది. 16 ఎక్కడ, 30 ఎక్కడ అని కంగారుపడి డీడీఆర్5ని నెమ్మది అనుకునేవాళ్లు ఈ లెక్క వేసి చూడాలి.

అయితే 10కీ 12కీ మధ్య అయిదో వంతు తేడా ఉందని మురిసిపోనక్కరలేదు. పెట్టె మీద సీఎల్ ఒక్కటే ఉండదు, వరుసగా నాలుగు అంకెలు ఉంటాయి. సీఎల్30 కిట్లలో కాస్త చౌకవి 30-38-38-96 అని వస్తాయి. సీఎల్36లో 36-38-38 అని ఉన్నవి సులభంగా దొరుకుతాయి. మొదటి అంకె తప్ప తరువాతి రెండూ ఒకటే! మెమొరీలో కావలసిన వరుస అప్పటికే తెరిచి ఉంటేనే సీఎల్ ఒక్కటి చాలు. వేరే వరుస తెరిచి ఉంటే ముందు దాన్ని మూయాలి, కొత్తదాన్ని తెరవాలి, ఆ తరువాతే చదవాలి. మూడూ కలిపితే 30 కిట్‌కు 106 క్లాకులు, 36 కిట్‌కు 112. నానోసెకన్లలో 35.3, 37.3. తేడా 2 నానోసెకన్లే. ఇది ర్యామ్ లోపలి సంగతి మాత్రమే. ప్రాసెసర్ కోరు నుంచి బయలుదేరి జవాబు తిరిగి చేరేసరికి ఏఎం5లో సుమారు 70 నానోసెకన్లు పడుతుంది. 70లో 2 ఎంతో నువ్వే చూసుకో.

బ్యాండ్‌విడ్త్ సంగతి వేరు. కాలువ వెడల్పును బట్టి ఎంత నీరు పారుతుందో తెలుస్తుంది. తూము ఎత్తాక శివారు చేనుకు తడి అందడానికి పట్టే సమయాన్ని మాత్రం వెడల్పు ఒక్కటే నిర్ణయించదు. 6000 వేగంతో రెండు స్టిక్కులు కలిసి సెకనుకు 96 జీబీ ఇవ్వగలవు. కానీ 7600లో కోర్లన్నీ ఒకే చిప్లెట్‌లో (ప్రాసెసర్ లోపలి చిన్న చిప్పులో) ఉంటాయి. దానికీ మెమొరీ కంట్రోలర్‌కూ మధ్య ఉన్న దారి, ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్, 2000 మెగాహెర్ట్జ్ దగ్గర, చదివేటప్పుడు సెకనుకు 64 జీబీ మించి తీసుకోలేదు. అందుకే 6000 దాటి వేగం కొనడం వృథా అంటాను. 5200 సీఎల్40 మాత్రం వద్దు. అక్కడ పోగొట్టుకునేది ఆటలో తెలుస్తుంది.

నా మాట 6000 సీఎల్36. మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డుకు చేర్చు. సైబర్‌పంక్‌లో ఆ తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఇది మాత్రం మరచిపోవద్దు. మా దగ్గరకు రిపేరుకు వచ్చే మిషన్లలో 6000 ర్యామ్ కొని 4800 దగ్గర నడుపుకుంటున్నవి ఎన్నో. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌పో ఆన్ చేస్తే తప్ప పెట్టె మీద రాసిన వేగం రాదు. టాస్క్ మేనేజర్ తెరిచి మెమొరీ పేజీలో వేగం చూసుకో. ఇంటెల్ బోర్డులో అదే పనికి ఎక్స్‌ఎంపీ అని ఉంటుంది.

నరసాపురం

ఇంత చర్చ ఎందుకండీ? 7200 సీఎల్34 కిట్లు ఉన్నాయి కదా. పై లెక్క ప్రకారం అది 9.4 నానోసెకన్లు. 30 కంటే అదే మేలు.

కాకినాడ గేమర్

ఇంటెల్ మీద అయితే ఆలోచించవచ్చు. ఏఎం5లో 6000 వరకు మెమొరీ, దాని కంట్రోలర్ రెండూ 3000 మెగాహెర్ట్జ్ దగ్గర సమానంగా నడుస్తాయి. 7200 పెడితే మెమొరీ 3600కు వెళ్తుంది, కంట్రోలర్ మాత్రం సగానికి, 1800కు దిగుతుంది. గెలిచిందంతా అక్కడే పోతుంది. ఏఎండీ కూడా రైజెన్ 7000 వచ్చినప్పుడు 6000నే సిఫారసు చేసింది.

ఇక భీమవరం గారి లెక్కకు వస్తాను. లెక్క తప్పని అనడం లేదు, సగమే చెప్పారు అంటున్నాను. 6000 వేగంలో 30 అని రాసిన కిట్లలో దాదాపు ఎప్పుడూ ఎస్‌కే హైనిక్స్ చిప్పులే ఉంటాయి. 36 కిట్‌లో ఏ చిప్పులు వస్తాయో చెప్పలేం. శామ్‌సంగ్ కావచ్చు, మైక్రాన్ కావచ్చు. హైనిక్స్ అయితే పెట్టె మీద రాయని రెండో వరుస టైమింగ్స్ కూడా బిగించవచ్చు. టీఆర్‌ఎఫ్‌సీ తగ్గించి, టీఆర్‌ఈఎఫ్‌ఐ పెంచితే సీఎల్ ఒక్కటే తగ్గించినదాని కంటే ఎక్కువ లాభం. నేను 30కి డబ్బు పెట్టమనేది ఆ అంకె కోసం కాదు, లోపలి చిప్పుల కోసం.

రాజమహేంద్రవరం

ఇక్కడ నేను కల్పించుకోవాలి. టీఆర్‌ఈఎఫ్‌ఐ పెంచమని చెప్పేవాళ్లు అది ఏమి చేస్తుందో కూడా చెప్పాలి. ర్యామ్‌లో ప్రతి బిట్టూ ఒక చిన్న కెపాసిటర్‌లో నిలిచిన ఛార్జి. అది కారిపోతూ ఉంటుంది, అందుకే ఎప్పటికప్పుడు తిరిగి నింపాలి. ఒకసారి నింపాక మళ్లీ నింపేవరకు ఉండే విరామమే టీఆర్‌ఈఎఫ్‌ఐ. డీడీఆర్5 ప్రమాణం ప్రకారం అది 3.9 మైక్రోసెకన్లు. చిప్పు వేడి 85 డిగ్రీలు దాటితే దాన్ని సగానికి తగ్గించాలని ఆ ప్రమాణమే చెబుతోంది. వేడెక్కేకొద్దీ ఛార్జి త్వరగా కారిపోతుంది కాబట్టి. వీడియోల్లో చూసి అందరూ 65535 అని పెట్టేస్తున్నారు. 6000 దగ్గర అది దాదాపు 22 మైక్రోసెకన్లు అవుతుంది. అంటే ప్రమాణం కంటే అయిదు రెట్లకు పైగా!

ఏసీ గదిలో కూర్చుని వీడియో తీసేవాళ్లకు నడుస్తుంది. మన గోదావరి జిల్లాల్లో రోహిణి కార్తెలో, మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చిన తరువాత, ఫ్యాను గాలి కూడా వేడిగా తగిలే గదిలో నడుస్తుందా? డీడీఆర్5లో వోల్టేజీని సర్దే చిప్పు కూడా స్టిక్కు మీదే ఉంటుంది, అదీ వేడెక్కుతుంది. పక్కనే గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడి గాలి ఉండనే ఉంది. సంక్రాంతికి పరీక్షల్లో నిలబడిన సెట్టింగు మే నెలలో నిలబడుతుందన్న హామీ లేదు. పైగా ర్యామ్ తప్పు చేస్తే ఆట ఆగిపోవడంతో వదలదు. డిస్కులోకి వెళ్లే ఫైళ్లు నిశ్శబ్దంగా పాడవుతాయి. పెళ్లి ఫోటోలు, అక్క చదువు ప్రాజెక్టు, అన్నీ అదే కంప్యూటర్‌లో ఉండే ఇళ్లు మనవి.

బిగించాలనుకుంటే బిగించండి. ఒక్కో అంకె మార్చి, స్టిక్కు ఉష్ణోగ్రత చూస్తూ, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను రాత్రంతా నడపండి. ఎండాకాలంలో మళ్లీ ఒకసారి నడపండి. ఎస్‌ఓసీ వోల్టేజీని (ప్రాసెసర్‌లో మెమొరీ కంట్రోలర్ ఉన్న భాగానికి అందేది) 1.3 వోల్టులు దాటనివ్వకండి. 2023లో 7000 శ్రేణి ఎక్స్‌3డీ ప్రాసెసర్లు కొన్ని కాలిపోయాక ఏఎండీ పెట్టిన హద్దు అది.

భీమవరం సర్వీస్ సెంటర్

రాజమహేంద్రవరం గారు చెప్పినది నేను పూర్తిగా సమర్థిస్తాను. మా వైపు సాయంత్రం రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లన్నీ ఒకేసారి తిరిగే వేళకు వోల్టేజీ కిందికి జారుతుంది. మంచి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు మార్చి ఇచ్చే పెట్టె) 100 నుంచి 240 వోల్టుల వరకు తట్టుకుంటుంది, నాసిరకంది తట్టుకోదు. అలాంటి ఇంట్లో మిషన్ ఆగిపోతే టైమింగ్స్ వల్లనా, కరెంటు వల్లనా అని తేల్చడం మాకే కష్టం. ఎక్స్‌పో వరకు వెళ్లి ఆగితే కనీసం ఒక అనుమానం తగ్గుతుంది.

అమలాపురం అబ్బాయి

చాలా కృతజ్ఞతలండీ. ఇంకొక్క సందేహం. ఇప్పుడు 32 జీబీ పెట్టి, ధరలు దిగాక అదే కిట్ మరొకటి కొని నాలుగు స్లాట్లూ నింపవచ్చా?

కాకినాడ గేమర్

వద్దు. 7600కు ఏఎండీ అధికారికంగా చెప్పే వేగం రెండు స్టిక్కులకు 5200, నాలుగింటికి 3600. నాలుగు పెట్టి 6000 తెప్పించడం అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది. కావాలంటే అప్పుడు రెండూ తీసేసి 32 జీబీ స్టిక్కులు రెండు పెట్టుకో. మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర చాలాసేపు నల్లగా ఉంటుంది, మెమొరీ ట్రైనింగ్ జరుగుతోందని అర్థం. కంగారుపడి స్విచ్ ఆపేయకు.

అమలాపురం అబ్బాయి

అయితే 6000 సీఎల్36 తీసుకుంటున్నాను, 36-38-38 అని రాసి ఉన్నదే. ఎక్స్‌పో ఆన్ చేసి అక్కడే ఆగుతాను. నాన్నగారు లెక్కలు చూసుకునేదీ ఈ కంప్యూటర్‌లోనే, ఫైళ్లు పాడైతే నేను సమాధానం చెప్పుకోలేను. మిగిలిన డబ్బుతో గ్రాఫిక్స్ కార్డు ఒక మెట్టు పైది వస్తోంది.

కాకినాడ గేమర్

నీ ఇంటి అవసరానికి అది సరైన నిర్ణయమే తమ్ముడూ. వాలరెంట్ ఒక్కటే ఆడేవాడు వచ్చి అడిగితే మాత్రం నేను ఇప్పటికీ సీఎల్30 అనే చెబుతాను. ఆ ఆటకు గ్రాఫిక్స్ కార్డు ఒక మెట్టు పెంచితే ఒరిగేదేమిటో భీమవరం గారు చెప్పలేదు.

భీమవరం సర్వీస్ సెంటర్

ఒరిగేదేమీ లేదు, ఒప్పుకుంటాను. అలా ఒక్కటే ఆడేవాడికైతే నేను రెండూ చెప్పను. ఆ డబ్బు దాచుకుని 7800ఎక్స్3డీ ప్రాసెసర్ వైపు వెళ్లమంటాను. అందులో ఎల్3 కాష్ 96 ఎంబీ, ర్యామ్ దాకా వెళ్లే పనే తగ్గుతుంది.