లేరురా మనవంటి పౌరులా, ధీరులా?

శారద (డాలస్):
అందరికీ నమస్కారం. ఒక లైను కొన్నాళ్ళుగా బుర్ర తినేస్తోంది, పెద్దలెవరైనా తేల్చాలి. ఇక్కడి తెలుగు సంఘం సావనీరుకి డాకా (DACA) అనే అమెరికా ప్రభుత్వ పథకం మీద వ్యాసం రాస్తున్నా, అదే, చిన్నప్పుడు అమ్మానాన్నలతో వచ్చి కాగితాల్లేకుండా ఇక్కడే పెరిగిన పిల్లల్ని చట్టం కాయాలా వద్దా అన్న గొడవ. మొదట్లోనే రాయప్రోలు వారి "ఏ దేశమేగినా" పాటలోని "లేదురా ఇటువంటి భూదేవి యెందు, లేరురా మనవంటి పౌరులింకెందు" పెట్టా. ఎడిటింగ్ చూసే ఆయన "పౌరులు" కొట్టేసి "ధీరులు" అని దిద్ది పంపారు! నాకు బళ్ళో పౌరులనే చెప్పారు. పైగా నా మొదటి పేరా అంతా ఆ మాట మీదే నిలబడింది. పాత ముద్రణ ఎవరి దగ్గరైనా ఉందా?

భాస్కర్:
ధీరులే. స్కూల్లో రోజూ ప్రేయర్‌లో పాడేవాళ్ళం, ఇందులో డౌటేముంది.

మూర్తి మాస్టారు:
ప్రేయర్‌లో పాడింది ప్రమాణం అయితే సగం దేశం "ఎవ్వరెదురైనా" అనే పాడుతుంది నాయనా. అది తప్పు, "ఎవ్వరేమనినా" అనాలి. ఇది ద్విపద నడక. ఎవ్వరే అంటే రగణం, హాయిగా కూర్చుంటుంది, చివర మనినా అని దీర్ఘం తీసినా నడక చెడదు. ఎవ్వరెదురైనా అంటే ఎక్కడ విరవాలో ఒకసారి విరిచి చూపించండి.

భాస్కర్:
మాస్టారూ, అడిగింది పౌరులు ధీరులు గురించండీ.

మూర్తి మాస్టారు:
వస్తున్నా. లేరురా - మనవంటి - పౌరులిం - కెందు. మూడో గణం మొదట్లో యతి పడాలి, అంటే అక్కడి అక్షరం పాదం మొదటి అక్షరంతో కలవాలి, "లే"కి "పౌ" కుదరదు, "ధీ" కూడా కుదరదు. కాబట్టి ప్రాసయతి, అంటే వాటి బదులు రెండో అక్షరాలు కలవడం, లేరు - పౌరు. లేరు - ధీరు అన్నా అంతే చక్కగా పడుతుంది. పై పాదం కూడా అలాగే, లేదు - భూదే. అంటే ఛందస్సు ఇక్కడ చేతులెత్తేసింది, అర్థం వైపు నుంచి రావాల్సిందే.

వంశీ కె:
అర్థం వైపు నుంచి వస్తే ధీరులే. ఆయన రాసేనాటికి మనం తెల్లదొర కింద ప్రజలం, పౌరులం ఎక్కడ? సిటిజన్ అనే అర్థంలో ఆ మాట వాడుకలోకి వచ్చింది తర్వాత. స్వతంత్రం వచ్చాక ఎవరో పాఠ్యపుస్తకం కమిటీ వాళ్ళు పౌరశాస్త్రం మోజులో పౌరులు చేసుంటారని నా అనుమానం.

సుభద్ర:
వంశీ గారూ అనుమానాలకేం, చాలా ఉంటాయి. పౌరుడంటే మొదట పురంలో ఉండేవాడు, అంతే. పౌరజానపదులు అని వినలేదా? రాముడు అడవికి పోతుంటే వెంటపడ్డ అయోధ్య పౌరులకి ఎవరు పాస్‌పోర్టులిచ్చారు. ఆ అర్థంలో ఎప్పుడైనా రాయొచ్చు.

శారద (డాలస్):
సుభద్ర గారూ, నేను రాసింది కూడా అదే దారిలో! ఇక్కడ వాదన అక్కడే తెగట్లేదు, ఊళ్ళో ఉన్నవాడు పౌరుడా, కాగితం ఉన్నవాడు పౌరుడా అని. మా డాలస్‌కి తూర్పున టైలర్ అని ఊరుంది, అక్కడి స్కూళ్ళు కాగితాల్లేని పిల్లల్ని ఏడాదికి 1,000 డాలర్లు కట్టమంటే ఆ కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది, 1982లో పిల్లల వైపే తీర్పొచ్చింది. దాంతో పన్నెండో క్లాసు దాకా బడి దొరికింది. ఆ తర్వాత? దానికోసమే డర్బిన్, హ్యాచ్ అని ఇద్దరు సెనేటర్లు, ఒకాయన డెమోక్రాట్ ఒకాయన రిపబ్లికన్, 2001లో డ్రీమ్ యాక్ట్ పెట్టారు. 2010లో హౌస్‌లో 216-198తో గట్టెక్కింది, సెనేట్‌లో 60 కావాల్సిన చోట 55 పడ్డాయి. ఇక చట్టంతో అయ్యే పని కాదని 2012 జూన్ 15న ఒబామా ప్రభుత్వం డాకా తెచ్చింది. రెండేళ్ళకోసారి రెన్యువల్, వర్క్ పర్మిట్ ఇస్తారు, దేశం నుంచి పంపెయ్యడం వాయిదా వేస్తారు, కానీ పౌరసత్వానికి దారి మాత్రం లేదు.

రవికిరణ్ (న్యూజెర్సీ):
ఇది భాష గ్రూపని తెలుసు కానీ ఆగలేకపోతున్నా. మేం రూల్ ప్రకారం వచ్చాం, ఫీజులు కట్టాం, ఏళ్ళ తరబడి గ్రీన్ కార్డ్ లైన్లో నిలబడ్డాం, ఏ దేశం వాళ్ళకీ 7 శాతం దాటకూడదంటే నోరు మూసుకుని ఉన్నాం. లైనే లేకుండా లోపలికొచ్చినవాళ్ళకి ముందు రక్షణ అంటే మాకు మండదా? వాళ్ళ మీద జాలి లేక కాదు.

సుభద్ర:
వచ్చింది వాళ్ళ పెద్దలు కదండీ. మూడేళ్ళ పిల్ల బార్డర్ దగ్గర వీసా ఏదని అడుగుతుందా?

రవికిరణ్ (న్యూజెర్సీ):
మరి మా మూడేళ్ళ పిల్ల సంగతి? హెచ్-4 మీద, అదే మా వర్క్ వీసాకి అనుబంధంగా పిల్లలకిచ్చే వీసా మీద వచ్చింది. 21 నిండితే మా వీసా నీడ పోతుంది, ఏజ్ అవుట్. ఆ పిల్లకి డాకా కూడా రాదు. ఎందుకో తెలుసా, 2012 జూన్ 15 నాటికి చట్టబద్ధమైన స్టేటస్ లేనివాళ్ళకే డాకా అన్నారు. రూల్ పాటించినందుకు ఈ శిక్ష. ఇలాంటి పిల్లల కోసం అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్ అని రెండు పార్టీల వాళ్ళూ కలిసి బిల్లు పెట్టారు, దానికీ అతీగతీ లేదు.

శారద (డాలస్):
రవి గారూ, వ్యాసంలో రెండో సగం అదే, మీరు కోప్పడకండి. మా వీధిలో ఒకమ్మాయి, హైదరాబాద్ నుంచి చిన్నప్పుడే వచ్చేసింది, ఇదే పాట మా సంఘం పోటీల్లో పాడి కప్పు తెచ్చుకుంది. ఇప్పుడు కాలేజీలో, 21 రాకముందే ఎఫ్-1కి, అదే స్టూడెంట్ వీసాకి మారాలని ఫారాలు నింపుతోంది. చదివిన బళ్ళన్నీ ఈ కౌంటీవే, ఆ కాగితాల్లో మాత్రం ఫారిన్ స్టూడెంట్. మొన్న నన్నడిగింది, "ఆంటీ, పొగడరా నీ తల్లి భూమి అన్నచోట భారతిని తీసేస్తే తప్పా?" అని. నేనేం చెప్పను!

మూర్తి మాస్టారు:
తీసేస్తే తప్పే. భారతినిలో "భా" మీద గణం నడుస్తోంది.

సుభద్ర:
😀 మాస్టారూ!

యాదగిరి:
ఒక ముచ్చట. రాయప్రోలు గారిది గుంటూరు దిక్కు. శాంతినికేతన్ పోయి వచ్చిండు, తర్వాత మా ఉస్మానియాల తెలుగు పంతులుగ ఏండ్లకేండ్లు ఉన్నడు. అంటే నిజాం లెక్కల ఆయన గైర్ముల్కీ, బయటి మనిషి. 1919 నిజాం ఫర్మానా ప్రకారం ముల్కీ, అంటే ఈడి మనిషి అనిపించుకోవాలంటే పదిహేనేండ్లు ఈడ ఉండాలె, తిరిగి పోను అని రాసియ్యాలె. డాకాల గూడ 2007 జూన్ 15 సంది ఈడనే ఉన్నట్టు రుజువులు తెమ్మంటున్నరట గద. లెక్క అదే, రాజ్యం మారింది గంతే.

వంశీ కె:
యాదగిరి గారూ సూపర్. కానీ ఖండిక పేరే జన్మభూమి అండీ. "జనియించినాడవీ స్వర్గఖండమున" అన్నాడు, ఇక్కడ పుట్టావు అని. పెరిగావు అన్లేదు. ఆయన లెక్కంతా పుట్టుక మీదే, శారద గారి పిల్లలకి ఈ పద్యం సాక్ష్యం చెప్పదు.

సుభద్ర:
"నిను మోచె ఈ తల్లి" అని కూడా అన్నాడుగా. మోసిన తల్లి వేరే లెక్క.

వంశీ కె:
"కనకగర్భమున" మోసింది మేడమ్, చంకన కాదు. అన్నట్టు అది మోచెనా మోసెనా?

మూర్తి మాస్టారు:
మోచె. మోసె అన్నా గణం మారదు గానీ పాత రూపం మోచె, ఆయన అదే రాస్తాడు. ఆయన కావ్యం తృణకంకణం చదివినవాడికి ఆయన చెవి ఎలాంటిదో తెలుస్తుంది, ఇంగ్లీషు గాలి తగిలినా మాట మాత్రం తెలుగు నుడి దాటదు. ఇప్పటివాళ్ళు ఆయన్ని జెండా పండగ కవిని చేసి కూర్చోబెట్టారు.

రవికిరణ్ (న్యూజెర్సీ):
శారద గారూ, డాకా ఇప్పుడు అసలుందా పోయిందా? వ్యాసంలో అదైనా స్పష్టంగా రాయండి.

శారద (డాలస్):
ఉండీ లేనట్టుంది. 2017 సెప్టెంబర్‌లో ట్రంప్ ప్రభుత్వం ఆపేస్తున్నామంది. 2020 జూన్‌లో సుప్రీం కోర్టు 5-4తో, ఆపే పద్ధతి సరిగ్గా లేదు పొమ్మంది, డాకా చట్టబద్ధమే అని మాత్రం అన్లేదు. ఇంకోపక్క మా టెక్సాస్ వేసిన కేసులో 2021లో కొత్తగా ఎవరికీ ఇవ్వొద్దని ఆర్డరొచ్చింది, పాతవాళ్ళ రెన్యువల్స్ నడుస్తున్నాయి. ఇప్పుడు హైస్కూల్లో ఉన్న కాగితాల్లేని పిల్లలు చాలామంది 2007 తర్వాత వచ్చినవాళ్ళే, వాళ్ళకి మొదటి నుంచీ ఏదీ లేదు. సరేగానీ నా పౌరులు?

భాస్కర్:
ధీరులు.

సుభద్ర:
పౌరులు. ధీరులు అంటే పొగడ్త, ఏ పాటలోనైనా అతుకుతుంది. పైన భూదేవి అన్నాక కింద ఆ నేల మీద ఉండేవాళ్ళు రావాలి, అందుకే పౌరులు.

వంశీ కె:
చివర "పాడరా నీ వీరభావ భారతము" అని వీరం వస్తోందిగా, దానికి జోడీ ధీరులే. పాత అచ్చుప్రతి స్కాన్ ఎవరైనా పెడితే తప్ప ఇది తేలదు.

మూర్తి మాస్టారు:
స్కాన్ వెతికేటప్పుడు ఆయనదే "శ్రీలు పొంగిన జీవగడ్డయి" కూడా చూడండి. మూడో పాదం "వరలినది ఈ భరతఖండము" అని నెట్ నిండా ఉంది. ఒళ్ళు మండుతుంది. శ్రీలు, పాలు అని రెండో అక్షరం లకారం పెట్టుకుంటూ వచ్చినవాడు మూడోచోట "వర" అంటాడా? "వ్రాలినది".

యాదగిరి:
వ్రాలుడంటే పడుడు గద సార్. దేశం వచ్చి పడ్డదా?

మూర్తి మాస్టారు:
పిట్ట కొమ్మ మీద వాలినట్టు వ్రాలింది. పడ్డం కాదు.

భాస్కర్:
మా స్కూల్లో వరలినది అనే పాడేవాళ్ళం.