బరువులు ఎత్తేవాళ్లకి ఫిట్‌నెస్ వాచ్ దండగేనా?

ప్రశ్న: బెజవాడ బెంచ్

అందరికీ నమస్తే. మా బావమరిది వచ్చే నెల డల్లాస్ నుంచి వస్తున్నాడు. "బావా, నీకో మంచి ఫిట్‌నెస్ వాచ్ తెస్తా, మోడల్ చెప్పు" అంటున్నాడు. ఊరికే వచ్చేదాన్ని వద్దనడమెందుకు అంటారేమో. మా ఆవిడ చెవిన వేసి మరీ అడిగాడు కాబట్టి ఆ లెక్క తర్వాత ఎక్కడో ఒకచోట తేలుతుంది. అందుకే ముందే కనుక్కుంటున్నా.

నా వయసు 37, బరువు 78 కిలోలు, బ్యాంకు ఉద్యోగం. పటమటలో ఇంటి దగ్గరి జిమ్‌లో వారానికి నాలుగు రోజులు పొద్దున్నే బరువులు చేస్తా. స్క్వాట్ (భుజాల మీద బార్‌తో గుంజీలు) 90 కిలోలతో సెట్‌కి, అంటే ఆగకుండా చేసే ఒక విడతకి, ఐదేసి రెప్స్ (ఎత్తి దించడాలు) పడుతున్నాయి, డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ని నిలబడి లేపడం) 120 దగ్గర ఆగిపోయింది. పరుగు, సైకిలు లాంటివేమీ లేవు. పొట్ట మాత్రం కాస్త తగ్గాలి.

జిమ్‌లో చేతికి బ్యాండ్ లేనిది నాకొక్కడికే. నా పక్కన చేసే కుర్రాడు లెగ్ డే రోజున 640 కేలరీలు కరిగాయని స్క్రీన్ చూపించి, ఆ ధీమాతో ఎదురుగా ఉన్న బండి దగ్గర పునుగులు లాగిస్తాడు. నాకున్నదల్లా మా పిల్లాడు సగం రాసి వదిలేసిన లాంగ్‌బుక్కూ, ఒక పెన్నూ.

ఆ కేలరీల లెక్క నమ్మి తిండి సర్దుకోవచ్చా? రెప్స్ కూడా అదే లెక్కపెడుతుందంటున్నారు, నిజమేనా? ఇవాళ గట్టిగా చెయ్యి, ఇవాళ రెస్ట్ తీసుకో అని చెప్పే స్కోరుకి విలువుందా? ఏ కంపెనీ గొప్పదన్న గొడవ వద్దు. బరువులెత్తేవాడికి అసలు పనికొస్తుందా లేదా, అంతే.

జవాబు: రోజూ రింగు

కొనేయండి బ్రో, ఇందులో ఆలోచించడానికేముంది? లెక్క తప్పో ఒప్పో తర్వాత సంగతి, ఆ రోజు కదలిక లక్ష్యం ఎంత పూర్తయిందో వాచ్ తెర మీద చూపించే రింగు సాయంత్రానికి నిండకపోతే నాకు నిద్ర పట్టదు. అది లేనప్పుడు వారానికి రెండు రోజులు ఎగ్గొట్టేవాణ్ణి, ఇప్పుడు ఎగ్గొట్టడం లేదు. పైగా ఫ్రీగా వస్తోంది. మీ పక్క కుర్రాడికి పునుగులు తినే హక్కు ఉంది, వదిలేయండి.

జవాబు: గాజువాక బార్‌బెల్

తమ్ముడూ, నేను గాజువాకలో చిన్న జిమ్ నడుపుతున్నా. సొంతూరు ఆమదాలవలస పక్కన. కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు రకాల ఎత్తుల్లో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు నేనూ మా వీధి పిల్లలూ ఇనప గొట్టానికి సిమెంటు దిమ్మలు పోసుకుని ఎత్తిన బాపతు. అంచేత వాచీల మీద నాకు భక్తీ లేదు, పగా లేదు. మా దగ్గరికొచ్చే వాళ్లలో సగం మంది చేతికి ఉంటాయి కాబట్టి రోజూ కళ్లతో చూస్తున్నది చెప్తా.

వాచ్ అడుగున పచ్చ లైటు వెలుగుతుంది చూశావా, అది చర్మంలోకి కాంతిని కొడుతుంది. లోపల రక్తం పొంగినప్పుడు ఎక్కువ కాంతిని పీల్చేస్తుంది, తగ్గినప్పుడు తక్కువ. తిరిగొచ్చిన కాంతిలో ఆ హెచ్చుతగ్గుల్ని బట్టి గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్క కడుతుంది. కూర్చున్నా నడిచినా బాగానే పట్టుకుంటుంది. 120 కిలోల బార్‌ని బిగించి పట్టుకున్నప్పుడే గొడవ. ముంజేయి మొత్తం రాయిలా అవుతుంది, మణికట్టులో రక్తం నడక మారిపోతుంది, మణికట్టు వంగితే వాచ్ వెనక సందు వస్తుంది. మొన్న ఒక కుర్రాడు డెడ్‌లిఫ్ట్ చేస్తుంటే చూశాను. మెడ నరాలు ఉబ్బిపోయి, మొహం కందిపోయి ఉంది, చేతికున్న బ్యాండ్ 94 చూపిస్తోంది. బార్ కింద పెట్టి, నీళ్లు తాగి, ఫోన్ తీశాక అప్పుడు 140 దాటింది. ఛాతీకి కట్టే స్ట్రాప్ అయితే గుండె విద్యుత్ సంకేతాన్నే నేరుగా పట్టుకుంటుంది, కాబట్టి ఈ తంటా చాలావరకు ఉండదు.

అయితే పల్స్ కరెక్టుగా చూపించినా దానితో నువ్వేం చేస్తావు? పరుగులో గుండె వేగం, ఆక్సిజన్ వాడకం జోడెడ్లలా కలిసి నడుస్తాయి. అందుకే పల్స్‌ని బట్టి కేలరీలు అంచనా కట్టడం కుదురుతుంది. బరువు కింద ఊపిరి బిగపట్టి నెట్టినప్పుడు ఆ జోడు విడిపోతుంది. పల్స్ పైకి లేస్తుంది గానీ ఒళ్లు ఆ మేరకు ఇంధనం కాల్చదు. పరుగు కోసం కట్టిన సూత్రాన్ని స్క్వాట్‌కి తగిలిస్తే అంకె వాచిపోయి వస్తుంది.

2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఏడు రకాల మణికట్టు యంత్రాల్ని 60 మంది మీద పరీక్షించారు. పల్స్ విషయంలో ఏడింటిలో ఆరు 5 శాతం తేడాలోపే ఉన్నాయి. కేలరీల దగ్గరికొచ్చేసరికి అన్నిటికన్నా మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది, అధ్వానమైనది 93 శాతం. అదీ నడక, పరుగు, సైకిల్ తొక్కడంలో. బరువులు ఆ పరీక్షలోనే లేవు. అవి అప్పటి మోడళ్లనుకో, ఇప్పటివి మెరుగై ఉండొచ్చు. కానీ వెలుగుని లెక్కపెట్టి కేలరీ ఊహించే పద్ధతి మారలేదు.

నీ లెక్క చేత్తోనే వేసుకో. మామూలు బరువుల వ్యాయామానికి 3.5 మెట్స్, బాగా గట్టిగా చేస్తే 6 మెట్స్ అని పట్టికల్లో ఉంటుంది. ఒక మెట్ అంటే కిలో బరువుకి గంటకి దాదాపు ఒక కేలరీ. నీ 78 కిలోలకి గంటకి 273 నుంచి 468 మధ్య. అందులో కుర్చీలో కూర్చున్నా ఖర్చయ్యే 78 కలిసే ఉంది. సెట్‌కీ సెట్‌కీ మధ్య మూడేసి నిమిషాలు కూర్చునే మనలాంటి వాళ్లం కింది అంకె దగ్గరే ఉంటాం. అంటే జిమ్‌కి వెళ్లినందుకు అదనంగా కరిగేది 200 కేలరీలు, ఆ చుట్టుపక్కల. 640 చూసుకుని పునుగులు తింటే నడుం కొలత తగ్గమన్నా తగ్గదు. పొట్ట తగ్గాలంటే వారం బరువుల సగటు, నడుం చుట్టూ టేపు, ఈ రెండూ చూసి అన్నం తగ్గించుకో. వాచ్ చెప్పిన అంకెని మాత్రం తిరిగి తినకు.

రెప్స్ లెక్క సంగతి మరీ నవ్వొస్తుంది. దానికి తెలిసింది చెయ్యి కదలడమే. కాళ్లతో బరువు నెట్టే లెగ్ ప్రెస్‌లో చేతులు పిడి పట్టుకుని కదలవు, నీ తొడలు మండిపోతుంటే అది సున్నా అంటుంది. తువ్వాలుతో మొహం తుడుచుకుంటే రెండు కలుపుతుంది. తర్వాత కూర్చుని దిద్దుకునే టైములో పుస్తకంలో ఆ రోజంతా రాసెయ్యొచ్చు.

కండ పెరగాలన్నా బలం రావాలన్నా తెలియాల్సినవి ఎంత బరువు, ఎన్ని రెప్స్, ఆపేసేసరికి ఇంకెన్ని రెప్స్ చేసే దమ్ము మిగిలింది. మూడోది నీకు తప్ప ఎవరికీ తెలీదు. మా పిల్లల చేత ఇలా రాయిస్తా: "స్క్వాట్ 90 x 5, 5, 4. చివరి సెట్‌లో ఒకటి మిగిలింది. ఎడమ మోకాలు లోపలికి పోతోంది." ఆ మోకాలి ముక్క ఏ వాచ్ రాస్తుంది? నీ లాంగ్‌బుక్ బంగారం, పారెయ్యకు.

రెస్ట్ స్కోరు గురించి నా మాట కొంచెం కటువుగా ఉంటుంది. అది గుండె చప్పుళ్ల మధ్య ఎడంలో హెచ్చుతగ్గులు, నిద్ర, విశ్రాంతిలో పల్స్ కలిపి వండిన అంకె. నీ వెన్ను కింది కండ నిన్నటి డెడ్‌లిఫ్ట్ నుంచి కోలుకుందో లేదో దానికి తెలీదు. ఎర్ర రంగు చూడగానే గేటు దాకా వచ్చి వెనక్కిపోయిన వాళ్లున్నారు మా దగ్గర. ఖాళీ బార్‌తో రెండు సెట్లు, తర్వాత 60తో ఒకటి చెయ్యి. బార్ ఎంత వేగంగా లేస్తోందో చూసుకో, ఇవాళ ఎంత దమ్ముందో అక్కడే తెలిసిపోతుంది.

జవాబు: కూకట్‌పల్లి కెటిల్‌బెల్

అన్న చెప్పినదాంట్లో ముప్పాతిక ఒప్పుకుంటా. మిగతా పావు గురించి నాకు పేచీ ఉంది.

ముందు ఎవరూ చెప్పని చిక్కు. బార్‌ని మెడ ముందు పెట్టుకుని చేసే ఫ్రంట్ స్క్వాట్‌లో మణికట్టు వెనక్కి వంగుతుంది కదా, వాచ్ పక్కనున్న బటన్ చేతి వెనక భాగానికి నొక్కుకుంటుంది. బరువు కింద నేను చచ్చిపోతుంటే అది "మీకేం సాయం కావాలి" అని గట్టిగా అడుగుతుంది, జిమ్మంతా తిరిగి చూస్తుంది. కెటిల్‌బెల్‌ని (పిడి ఉన్న ఇనప గుండు) కింది నుంచి భుజం దాకా లేపే క్లీన్ చేస్తే గుండు సరిగ్గా వచ్చి గ్లాసు మీదే వాలుతుంది, గీతలు పడటం ఖాయం. మణికట్టుకి దన్నుగా చుట్టే పట్టీ, రిస్ట్ ర్యాప్ కట్టాలంటే వాచ్ తీయాలి. నేను జిమ్‌లో తీసి బ్యాగులో పడేస్తా. ఎప్పుడైనా పల్స్ కావాలనిపిస్తే మోచేతి పైన కట్టుకునే బ్యాండ్ వాడతా. అక్కడ కండ ఎక్కువ, కదలిక తక్కువ, మణికట్టు కన్నా నయం. ఛాతీ స్ట్రాప్ మంచిదే గానీ స్పోర్ట్స్ బ్రా కింద దాన్ని గంటసేపు భరించడం గురించి మగవాళ్లు మాట్లాడకపోతేనే మంచిది.

మరి దాన్ని ఉంచుకోవడం ఎందుకంటే, మిగిలిన ఇరవైమూడు గంటల కోసం. నాది నైట్ షిఫ్ట్. పగలు ఎనిమిది గంటలు పడుకున్నాననుకునేదాన్ని, వాచ్ ఐదున్నర అంటోంది. గాఢనిద్ర ఇంత, కలల నిద్ర ఇంత అని విడదీసే ముక్క పెద్దగా పట్టించుకోను, అది మెదడుకి తీగలు పెట్టి కొలవాల్సిన సంగతి. మొత్తం ఎంతసేపు పడుకున్నామన్నది మాత్రం ఫర్వాలేదనిపించేంత దగ్గరగా చెప్తుంది. కిటికీకి మందపాటి కర్టెన్ కొన్నది అది చూశాకే.

స్కోరు ఒక్కరోజుది చూస్తే అన్న చెప్పినట్టే పిచ్చెక్కుతుంది. పడుకున్నప్పటి పల్స్ వారాల తరబడి చూస్తే మాత్రం కథ కనిపిస్తుంది. ఆడవాళ్లకి నెలసరి చక్రం రెండో సగంలో అది కొద్దిగా పెరగడం మామూలే. అది తెలీక ఇదివరకు "ఓవర్‌ట్రెయినింగ్ అయిపోయానేమో" అని టెన్షన్ పడేదాన్ని. ఇప్పుడు క్యాలెండర్ పక్కన పెట్టుకుని చూస్తా. అదే ఒంట్లో జ్వరం మొదలవుతుంటే ఉన్నట్టుండి పైకి లేస్తుంది, ఆ రోజు డెడ్‌లిఫ్ట్ మానేస్తా. ఇది ఖాళీ బార్ చెప్పదన్నా.

ఇంకోటి, బెంచ్ గారూ, పరుగు లేదు సైకిల్ లేదు అని తేలిగ్గా రాసేశారు. 37 ఏళ్లకి బ్యాంకు కుర్చీ. వారంలో మూడు రోజులు బందరు కాలవ గట్టు మీద చురుగ్గా నడవండి. అక్కడ ఈ వాచ్ పల్స్ బాగానే చూపిస్తుంది.

బెజవాడ బెంచ్

రోజూ రింగు బ్రో, క్షమించాలి, 640 మీద ఆశ వదిలేశా. ఇవాళ ఆ కుర్రాడికి 200 లెక్క చెప్పాను, ప్లేటు కింద పెట్టకుండానే విన్నాడు. అందరికీ థ్యాంక్స్. ఖరీదైన వాచ్ వద్దనుకుంటున్నా. నిద్రకీ అడుగులకీ ఇక్కడే రెండు మూడు వేలలో ఒక బ్యాండ్ కొనుక్కుని జిమ్‌లో తీసేస్తా. బావమరిది చేత బరువులెత్తేటప్పుడు నడుముకి బిగించే మంచి లిఫ్టింగ్ బెల్ట్ తెప్పించుకుందామా అని ఆలోచన. నా ప్యాంటు 36, ఆ సైజు చెప్తే సరిపోతుందా? అలాగే రోజుకి పదివేల అడుగులు వేయాల్సిందేనా?

గాజువాక బార్‌బెల్

ప్యాంటు సైజు చెప్పకు. మనం ప్యాంటు పొట్ట కింద కడతాం, బెల్ట్ పొట్ట మీద కడతాం. బొడ్డు దగ్గర టేపు చుట్టి, కడుపు లోపలికి లాక్కోకుండా కొలిచి ఆ అంకె పంపు. పోటీల్లో 13 మిల్లీమీటర్ల మందం దాకా ఒప్పుకుంటారు గానీ నీకు 10 చాలు, 13ది మెత్తబడేదాకా పక్కటెముకలు ఒరుసుకుపోతాయి.

పదివేలు అనే అంకె డాక్టర్లు లెక్కకట్టి చెప్పింది కాదు. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడాది, 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే యంత్రం ఒకటి అమ్మకానికి వచ్చింది. దాని పేరులోనే పదివేలు ఉంది, అక్కణ్ణుంచి ప్రపంచమంతా పాకింది. నువ్విప్పుడు మూడువేలు నడుస్తుంటే ఐదు చెయ్యి, ఐదైతే ఏడు.

కెటిల్‌బెల్ అమ్మాయ్, జ్వరం పాయింటు ఒప్పుకున్నాను. కర్టెన్ పాయింటు కూడా.

కొత్త ప్రశ్న: ఒంగోలు నుంచి

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. మా నాన్నకి 62, బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. బీపీ మాత్ర వేసుకుంటారు. డాక్టర్ తేలికపాటి బరువులు చేయమన్నారు. బీపీ, షుగర్ కూడా చూపించే వాచ్ అని ఒకటి ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపిస్తోంది. అది కట్టి చేయిస్తే సేఫేనా?

గాజువాక బార్‌బెల్

ఆ డబ్బుతో చేతికి పట్టీ చుట్టి గాలి ఎక్కించే బీపీ మిషన్ కొను, అది నమ్మదగ్గది. పొద్దున కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు ఆగి చూసి రాసిపెట్టు. సూది గుచ్చకుండా షుగర్ చెప్తామనే వాచీలు, ఉంగరాల్ని నమ్మొద్దని 2024 ఫిబ్రవరిలో అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ నియంత్రించే ఎఫ్‌డీఏనే హెచ్చరించింది. ఆ అంకె చూసి నాన్నగారు మాత్రల డోసు మార్చుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

ఆయన విషయంలో చూడాల్సింది ఊపిరి. 1985లో కెనడాలో ఐదుగురు బాడీబిల్డర్ల ధమనిలో గొట్టం పెట్టి బీపీ కొలిచారు. రెండు కాళ్లతో భారీ లెగ్ ప్రెస్ చేస్తున్నప్పుడు సగటున 320/250 వచ్చింది. అది చివరిదాకా ఊపిరి బిగపట్టి నెట్టే కుర్రాళ్ల సంగతి, నాన్నగారికి అంత అవసరమే రాకూడదు. పన్నెండు పదిహేను రెప్స్ హాయిగా పడే బరువే ఇవ్వండి. ఎత్తేటప్పుడు ఒకటి, రెండు, మూడు అని పైకి వినిపించేలా లెక్కపెట్టమనండి. మాట బయటికొస్తున్నంతసేపూ ఊపిరి బిగపట్టడం కుదరదు.