చర్చ: ఏడుసార్లు ఇటలీ ఫుట్‌బాల్ చాంపియన్, ఇప్పుడు మూడో డివిజన్. ప్రో వెర్చెల్లి గురించి తెలిసినవాళ్లు చెప్పండి

కోనసీమ_కార్తీక్
చదువు కోసం టొరినో వచ్చాను. మిలానో వెళ్లే రైల్లో కిటికీలోంచి చూస్తే దారి పొడవునా నీళ్లు నిలిపిన వరి మళ్లే. మధ్యలో వెర్చెల్లి స్టేషన్ వచ్చింది. ఇక్కడి క్లబ్ జాతీయ చాంపియన్‌షిప్ ఏడుసార్లు గెలిచిందని పక్కన కూర్చున్న పెద్దాయన చెప్పాడు. రోమా క్లబ్‌కే మూడు టైటిళ్లుంటే, యాభై వేల జనాభా కూడా లేని ఊరికి ఏడా? అప్పట్నుంచీ దీని గురించే ఆలోచిస్తున్నాను. వివరాలు తెలిసినవాళ్లు రాయండి.

పాతబంతి
కార్తీక్, ఆయన చెప్పింది నిజమే. 1908, 1909, 1911, 1912, 1913, 1921, 1922. క్లబ్ మొదట జిమ్నాస్టిక్స్, కత్తియుద్ధం నేర్పే సంఘం. అందులో కత్తియుద్ధం చేసే మార్చెల్లో బెర్తినెత్తి 1903లో ఫుట్‌బాల్ విభాగం పెట్టించాడు. తర్వాత ఆయన కత్తియుద్ధంలోనే ఒలింపిక్ స్వర్ణం కూడా గెలిచాడు.

1907లో రెండో శ్రేణి గెలిచి పైకి వచ్చిన జట్టు మరుసటి ఏడాదే చాంపియన్ అయింది. ఆ ఏడాది ఇటలీ ఫుట్‌బాల్ ఫెడరేషన్ విదేశీ ఆటగాళ్లు వద్దంది. దాంతో మిలాన్, జెనోవా లాంటి పెద్ద క్లబ్బులు అలిగి తప్పుకున్నాయి. అందుకని 1908 గెలుపును తక్కువ చేసి మాట్లాడేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. తర్వాత వరసగా గెలిచినవి ఎవరూ లేని పోటీలు కావు. వీళ్ల బలం దేహదారుఢ్యం, కలిసి చేసే సాధన. జిమ్నాస్టిక్స్ సంఘంలోంచి పుట్టిన జట్టు కదా, చివరి నిమిషం దాకా పరుగెత్తేవాళ్లు. ఆరా, మిలానో, లియోనే అనే ముగ్గురు హాఫ్ బ్యాక్‌ల (మైదానం మధ్యలో ఆడేవాళ్ల) పేర్లు ఇటలీలో ఒక మంత్రంలా చెప్పుకుంటారు.

1913 మే 1న టొరినోలో బెల్జియంతో ఆడిన ఇటలీ జట్టులో పదకొండు మందికి తొమ్మిది మంది వెర్చెల్లి క్లబ్‌వాళ్లే!

మిలానో_మూర్తి
పాతబంతి గారూ, 1910 ఎందుకు వదిలేశారండీ? నేను మిలానో క్లబ్ ఇంటర్ అభిమానిని. అయినా ఆ కథ చదివినప్పుడల్లా మనసు వెర్చెల్లి వైపే పోతుంది. లీగ్ చివర్లో రెండు జట్లకూ సమానంగా పాయింట్లు వచ్చాయి, టైటిల్ కోసం ఒక మ్యాచ్ ఆడాలి. ఆ తేదీన తమ ఆటగాళ్లలో కొందరికి సైనిక టోర్నీ ఉంది, వాయిదా వేయమని వెర్చెల్లి అడిగింది. ఒప్పుకోలేదు. నిరసనగా క్లబ్ తన పిల్లల జట్టును మైదానంలోకి దింపింది. ఇంటర్ 10–3తో గెలిచింది. మా క్లబ్ మొదటి టైటిల్ అదే.

వెర్చెల్లిపై నిషేధం వేశారు. దాంతో ఆ మేలో ఇటలీ ఆడిన మొట్టమొదటి అంతర్జాతీయ మ్యాచ్‌లో, దేశంలోకెల్లా మంచి ఆటగాళ్లున్న క్లబ్ నుంచి ఒక్కడూ లేడు. అది నాకిప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది.

వరంగల్_వింగర్
అన్నా, మరి అంత పెద్ద టీమ్ ఎట్ల పడిపోయింది? ఒక్కసారిగనా, మెల్లమెల్లగనా?

పాతబంతి
మెల్లగానే, తమ్ముడూ. కారణం ఒక్క మాటలో చెప్పాలంటే డబ్బు. వీళ్లంతా ఊరి కుర్రాళ్లు, వేరే పనులు చేసుకుంటూ ఆడేవాళ్లు. 1923లో యువెంటస్ డబ్బిచ్చి డిఫెండర్ విర్జీనియో రొజెత్తాను తీసుకుపోయింది. దేశమంతా గొడవైంది. అతను ఆడిన మ్యాచ్‌లను యువెంటస్ ఓడినట్టు లెక్కకట్టారు. కానీ ఆ తలుపు మళ్లీ మూసుకోలేదు. ఫ్యాక్టరీ యజమానులు వెనకున్న నగర క్లబ్బులతో వరి పండించే ఊరు ఎక్కడ పోటీ పడుతుంది?

ఆ తర్వాత కూడా ఆ నేల సిల్వియో పియోలాను ఇచ్చింది. 1930లో మొదటి మ్యాచ్ ఆడాడు. 1933లో ఫియొరెంతీనా మీద ఒక్క మ్యాచ్‌లో ఆరు గోల్స్ కొట్టాడు. 1934లో లాత్సియోకి వెళ్లిపోయాడు, 1935లో వెర్చెల్లి జట్టు ‘సెరియె ఆ’ (మొదటి డివిజన్) నుంచి దిగిపోయింది. ఇంతవరకూ తిరిగి ఎక్కలేదు. పియోలా మాత్రం 1938 ప్రపంచ కప్ ఫైనల్లో రెండు గోల్స్ చేశాడు. సెరియె ఆలో అతని 274 గోల్స్ రికార్డును ఇవాళ్టికీ ఎవరూ దాటలేదు.

ఇంకో సంగతి. చాంపియన్ జట్టు చొక్కా మీద మూడు రంగుల కవచం కుట్టుకునే ఆచారం మొదలైంది 1924లో. అంటే ఏడు టైటిళ్లు గెలిచిన ఈ జట్టు ఆ గుర్తును ఒక్కసారి కూడా వేసుకోలేదు.

శిరీష_టొరినో
నేను మా ఆయనతో కలిసి వెర్చెల్లిలో మ్యాచ్‌లు చూశానండీ. స్టేడియం పేరు సిల్వియో పియోలా. పక్క జిల్లా నొవారా వీళ్లకు బద్ధ శత్రువు, వాళ్ల స్టేడియం పేరు కూడా సిల్వియో పియోలానే! పియోలా చివరి రోజుల్లో నొవారాకి ఆడాడు కదా, ఆయన మావాడంటే మావాడని ఇద్దరూ వదలరు.

స్టాండ్స్ నిండవు. కానీ వచ్చినవాళ్లలో తాతలు మనవళ్లను తెచ్చుకోవడం కనిపిస్తుంది. ఆటగాళ్లది ఇప్పటికీ తెల్ల చొక్కానే. మొదట్లో నలుపు తెలుపు చారలట, ఉతికి ఉతికి నలుపు వెలిసిపోతే తెలుపే ఖాయం చేశారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. మ్యాచ్ అయ్యాక పనీస్సా తినకుండా రావద్దు. బియ్యం, చిక్కుడు గింజలు, సలామీ వేసి చిక్కగా వండుతారు. మాంసం తిననివాళ్లు ముందే అడగండి.

వరంగల్_వింగర్
ఈ మధ్య కాలంలో ఏమన్న గెలిచిండ్రా అక్కా?

శిరీష_టొరినో
2010లో క్లబ్ దివాలా తీసింది. అదే ఊళ్లోని ప్రో బెల్వెదేరే అనే క్లబ్ ముందుకొచ్చి ఆ పేరు నిలబెట్టింది. రెండేళ్లకే, 2012లో, ప్లేఆఫ్ ఫైనల్లో కార్పిని ఓడించి 64 ఏళ్ల తర్వాత సెరియె బి (రెండో డివిజన్)కి వెళ్లారు. మరుసటి ఏడాది దిగారు, 2014లో మళ్లీ ఎక్కారు, 2018లో మళ్లీ దిగారు. ఇప్పుడు సెరియె సి.

మిలానో_మూర్తి
ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ అంతే కార్తీక్. కాజాలే 1914లో చాంపియన్. నోవి లీగురే అనే ఇంకా చిన్న ఊరి జట్టు నొవేజే 1922లో ఒక టైటిల్ గెలిచింది. ఆ ఏడాది ఫెడరేషన్ చీలిపోయి రెండు చాంపియన్‌షిప్‌లు జరిగాయి, రెండోది వెర్చెల్లిది. వెర్చెల్లిలో పుట్టి, ఈ క్లబ్‌లోనే మొదలుపెట్టిన ఎవుజేబియో కస్తిల్యానో తర్వాత మహా టొరినో జట్టులో ఆడాడు. 1949లో టొరినో దగ్గరి సుపెర్గా కొండ మీద జరిగిన విమాన ప్రమాదంలో పోయాడు. నువ్వు టొరినోలోనే ఉన్నావు కదా, ఆ కొండ మీదికి ఒకసారి వెళ్లిరా.

కోనసీమ_కార్తీక్
అందరికీ చాలా థ్యాంక్స్. సుపెర్గాకి తప్పకుండా వెళ్తాను. నొవారాతో మ్యాచ్ పడితే వెర్చెల్లి కూడా వెళ్తా. టికెట్ గేటు దగ్గర దొరుకుతుందా అక్కా?

శిరీష_టొరినో
మామూలు మ్యాచ్‌కి దొరుకుతుంది. నొవారా మ్యాచ్‌కి మాత్రం ముందే కొనుక్కో. టికెట్ మీద పేరు ఉంటుంది, పాస్‌పోర్ట్ తీసుకెళ్లు.