పాలు, పెరుగు మానేశాక కాల్షియం సంగతి?

పెరుగు_వద్దు:
పాలు, పెరుగు, నెయ్యి మానేసి ఏడాది దాటింది. మా అత్తయ్య తను మజ్జిగన్నం కలుపుకుంటున్నప్పుడల్లా నా కంచం వంక చూసి "ఎముకలు గుల్లబారతాయే" అంటారు. పాలకూర పప్పు తరచూ తింటున్నా, చాలదా? మాత్రలు వేసుకోవాలా?

మునగాకు_పిన్ని:
పాలకూరని నమ్ముకోకమ్మా. అందులో కాల్షియమే తక్కువ, ఉన్నదాన్ని కూడా ఆకులోనే ఉండే ఆక్సలేట్లనే పదార్థాలు ఒంటికి పట్టనివ్వకుండా పట్టేసుకుంటాయి. తోటకూరలో అంకె ఘనంగా కనిపిస్తుంది గానీ దానిదీ అదే గోత్రం. మునగాకు నయం, వంద గ్రాములకి 300 మి.గ్రా. పైనే.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకి రోజుకి 1000 మి.గ్రా. కావాలి. రాగుల్లో వంద గ్రాములకి 364 ఉంది. మొలకెత్తించి, ఎండబెట్టి పట్టిస్తే ఒంటికి ఇంకా బాగా పడుతుంది. నువ్వుల్లో 1200 దాటుతుంది, కానీ పొట్టుతో ఉన్నవే కొను. తెల్లగా మెరిసిపోయేవి పొట్టు తీసినవి, కాల్షియం చాలావరకు దాంతోనే పోతుంది.

నువ్వులు సన్నసెగ మీద చిటపటలాడగానే దించెయ్, ఆలస్యమైతే చేదు. ఎండుమిర్చి, చింతపండు రెక్క, వెల్లుల్లి, ఉప్పు వేసి దంచు. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పు, లేకపోతే నూనె వదిలి ముద్దకడుతుంది. వేడన్నంలో పెద్ద చెంచాడు కలుపుకుంటే 100 మి.గ్రా. వచ్చినట్టే. గింజలు నమలకుండా మింగితే అలాగే బయటికి పోతాయి, అందుకే పొడి.

ఉలవచారు కాస్తే ఉడికిన ఉలవలు పారబోయకు, గుగ్గిళ్లు చేసుకో. హోటల్లో మాత్రం ముందే చెప్పు, అడక్కుండానే చారు మీద మీగడ వేసేస్తారు!

బెంగళూరు_బ్రహ్మచారి:
దంచే ఓపిక నాకు లేదండీ. సోయా పాల ప్యాకెట్ వెనక చదివి కొంటా. 100 మి.లీ.కి 120 మి.గ్రా. దాకా ఉంటే కాల్షియం కలిపినట్టు. బాగా ఊపి పోసుకోండి, అడుక్కి దిగిపోతుంది. ఇంట్లో తీసిన సోయా, బాదం పాలల్లో అంత ఉండదు. టోఫు (సోయా పనీర్) అయితే కాల్షియం సల్ఫేట్‌తో విరిచిందే తీసుకోండి.

మందులకొట్టు:
మాత్రలకి ముందు డాక్టరుకి చూపించి డి విటమిన్, బి12 పరీక్షలు చేయించుకోండి. డి తక్కువుంటే ఎంత తిన్నా కాల్షియం సరిగ్గా ఒంటబట్టదు. అట్ట మీద "కాల్షియం కార్బొనేట్ 1250" అని ఉంటే అందులో అసలు కాల్షియం 500. ఒక పూటకి అంతకు మించొద్దు, అదీ తిండితో. థైరాయిడ్ మాత్ర వాడుతుంటే దానికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. డి3 ఎక్కువగా గొర్రె ఉన్ని కొవ్వు నుంచి తీస్తారు. మీకది పట్టింపైతే లైకెన్ (రాళ్ల మీద, చెట్ల బెరడు మీద నాచులా పెరిగేది) నుంచి తీసింది అడగండి.

పెరుగు_వద్దు:
థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుంటా, కాబట్టి కాల్షియం అవసరమైతే రాత్రి భోజనంతోనే. పిన్నిగారూ, అత్తయ్య వెల్లుల్లి తినరు. జీలకర్ర వెయ్యొచ్చా?

మునగాకు_పిన్ని:
భేషుగ్గా. గుప్పెడు కరివేపాకు కూడా వేయించి వెయ్యి, దాన్లోనూ కాల్షియం బాగానే ఉంది. కూరలో వేస్తే ఏరి పక్కన పెట్టేస్తారు, పొడిలో ఆ అవకాశం ఉండదు.